806 రాత్రులు

1995 జనవరి 16, సోమవారం. పశువుల పండగ వెళ్లిపోయి, ఎద్దుల కొమ్ములకు పూసిన రంగు ఇంకా చెదరని రోజులు. ఆ దినం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997 ఏప్రిల్ 1 నాటికి అది లేదు. మధ్యలో గడిచినవి 806 రాత్రులు. చట్టాల ఆయుష్షును సంవత్సరాల్లో చెప్పడం వాడుక. దీన్ని మాత్రం రాత్రుల్లోనే లెక్కపెట్టాలనిపిస్తుంది నాకు. ఆ చట్టాన్ని అడిగింది ఆడవాళ్లు. వాళ్లు అడిగిందీ రాత్రుల గురించే.

చిత్తూరు జిల్లా పల్లెల్లో అంతకు ముందటి రాత్రులు ఎట్లా ఉండేవో తెలియకపోతే ఈ కథలో కూలిపోయింది ఏమిటో అర్థం కాదు. అందుకని ముందు ఆ పొద్దుగూకడం దగ్గర కాసేపు నిలబడాలి.

పొద్దు వాలే వేళకు ఆమె చెనిక్కాయ చేలోంచో, బెల్లం గానుగ దగ్గర నుంచో, చింతపండు కొట్టే అరుగు మీద నుంచో ఇల్లు చేరుతుంది. ఆవు పాలు పిండి కేంద్రంలో పోసి వస్తుంది. పొయ్యి మీద సంగటికి ఎసరు పెడుతుంది. పాల బిల్లు వచ్చిన రోజైతే ఆ డబ్బు కొంగున ముడివేసి, ముడిని నడుములో లోపలికి దోపుకుంటుంది. ఆ తర్వాత చేతులు పని చేస్తున్నా చెవులు వీధిలోనే ఉంటాయి. మొగుడి అడుగుల చప్పుడును బట్టి ఆ రాత్రి ఎట్లా గడుస్తుందో చెప్పగల విద్య తాగేవాడి పెండ్లానికి ఎవరూ నేర్పకుండానే వస్తుంది. అడుగు తిన్నగా పడితే ఒక లెక్క. ఈడ్చుకుంటూ వస్తే ఇంకో లెక్క. వీధి మలుపులో ఆగి ఎవరినో తిడుతున్నాడంటే, పిల్లల్ని దొడ్డిదారిన పక్కింటికి పంపేయాల్సిన లెక్క.

"డబ్బు యాడ పెట్టినావే" అన్న మాటతో మొదలవుతుంది. ఆ మాట లేకుంటే కూరలో ఉప్పుతో మొదలవుతుంది. కొంగు ముడి విప్పేదాకా కొడతాడు. విప్పినాక, ఇంతసేపు ఎందుకు విప్పలేదని కొడతాడు. సంగటి ముద్ద గోడకు తగిలి జారుతుంది. తెల్లారి బోరింగు దగ్గర ఆమె ముఖం మీది కమిలిన చోటు చూసి ఎవరైనా అడిగితే, చీకట్లో తలుపు తగిలిందంటుంది. అడిగిన ఆమె మరి మాట్లాడదు. తన ఇంట్లోనూ అటువంటి తలుపు ఒకటి ఉంది.

సంసారం గుట్టు, రోగం రట్టు అంటారు పెద్దలు. రోగాన్ని నలుగురికీ చెప్పుకుంటే మందు దొరుకుతుంది, ఇంటి సంగతి దాచుకుంటే పరువు దక్కుతుంది అని. ఇంటి సంగతే ఒంటి మీద రోగమై తేలినప్పుడు దాన్ని ఏ వైపు చేర్చాలో ఆ సామెత చెప్పలేదు. మా ఆడవాళ్లు దాన్ని గుట్టు వైపే చేర్చి తరాలకు తరాలు మోశారు.

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ కథ అందరికీ తెలిసిందే. ఊరి ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు ఒకడుండేవాడు. అవిలాలలో పుట్టిన గంగమ్మ మీదా కన్నేశాడు. ఆమె ఉగ్రరూపం చూసి బెదిరి దాక్కున్నాడు. వాణ్ణి వెతుకుతూ ఆమె రోజుకో వేషం కట్టింది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం. చివరికి దొర వేషంలో వస్తే, నిజంగానే దొర వచ్చాడనుకుని వాడు బయటపడ్డాడు. తల తెగింది. ప్రతి వేసవిలో జాతర పేరుతో తిరుపతి ఈ కథను మళ్లీ బతికిస్తుంది. మగవాళ్లు చీర కట్టుకొని, గాజులు తొడుక్కొని, పూలు పెట్టుకొని వీధుల్లో నడుస్తారు. ఆడదాని ఒంటిలోకి మగవాడు ఒక్కరోజైనా వచ్చిపోవాలని ఊరు పెట్టుకున్న కట్టుబాటు అది. దాన్ని నేను చాలా గొప్పదిగా తలుస్తాను. అయినా ఆ కథ విన్నప్పుడల్లా ఒక బాధ మిగిలిపోతుంది. పాలెగాడు వీధిలోవాడు గనుక వాడి తల కోసం ఊరంతా ఏకమైంది. గడప లోపలి పాలెగాడు దాక్కోనవసరం లేదు. వాడికి ఎదురు వెళ్లి కాళ్లకు నీళ్లిస్తారు.

ఆ గడప లోపలికి సారాయిని మోసుకొచ్చింది ఎవరు? మునుపు కల్లు ఉండేది, నాటుసారా ఉండేది, తాగి కొట్టడమూ ఉండేది. కానీ 1980లలో జరిగింది వేరు. వారుణి వాహిని అని పేరు పెట్టి ప్రభుత్వమే సారాయిని ప్యాకెట్లలో నింపి పల్లె పల్లెకూ చేర్చే ఏర్పాటు చేసింది. వేలం పాటలో అంగళ్లు దక్కించుకున్న కంట్రాక్టర్ల జీపులు ఎర్రబస్సు పోని ఊళ్లకు కూడా పోయాయి. తాగేవాడు అంగడిని వెతుక్కుంటూ పోయే రోజులు పోయి, అంగడే అతని గుడిసె దగ్గరికి వచ్చే రోజులు వచ్చాయి. కూలి డబ్బు చేతిలో పడిన చోటే ప్యాకెట్టూ దొరికేది.

రాష్ట్రానికి ఎక్సైజు మీద వచ్చిన రాబడి 1970-71లో 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 812 కోట్లు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఇరవై ఏళ్లను ఆర్థికశాస్త్రం రాబడి పెరుగుదల అంటుంది. ఆ డబ్బు నడిచి వచ్చిన దారిని వెనక్కి పట్టుకుని పోతే ఖజానా నుంచి కంట్రాక్టరుకు, కంట్రాక్టరు నుంచి అంగడికి, అంగడి నుంచి కూలివాడి పిడికిట్లోకి, ఆ పిడికిలి నుంచి ఒక కొంగు ముడి దగ్గరికి చేరుతాం. ఆ చివరి మెట్టు మీద డబ్బు ఊరికే చేతులు మారలేదు. జుట్టు పట్టుకుంటే మారింది.

అదే ఎన్.టి. రామారావు ఏలుబడి ఆడవాళ్లకు ఇంతకుముందు ఎవరూ ఇవ్వనివి ఇచ్చింది కూడా. 1983లో తిరుపతిలో ఆడపిల్లల కోసమే పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం పెట్టింది. కూతురికి కొడుకుతో సమానంగా ఆస్తిలో వాటా ఇచ్చే చట్టాన్ని 1986లో తెచ్చింది, దేశం మొత్తానికి ఆ హక్కు రావడానికి పంతొమ్మిదేళ్ల ముందు. కిలో రెండు రూపాయల బియ్యమూ అప్పటిదే. ఆ బియ్యంతో పొయ్యి వెలిగిన ఇంట్లోనే, ఆ సారాయితో పొయ్యి ఆరింది. ఇచ్చిన చేతికి తీసుకున్న చేయి తెలియలేదనుకోవడానికి నా మనసు ఒప్పదు. ఖజానా నిండకపోతే బియ్యానికి డబ్బెక్కడిదని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఆడవాళ్ల అన్నానికి ఆడవాళ్ల దెబ్బలే జమ అన్నమాట. ఆ లెక్కను అట్లా ఎవరూ పైకి చదవలేదు.

పైకి చదివినవాళ్లు అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న కూలి ఆడవాళ్లు. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం కింద రాత్రి బడులు నడిచాయి. పగలంతా నాట్లు వేసి వచ్చినవాళ్లు లాంతరు ముందు కూర్చుని గుణింతాలు దిద్దారు. వాచకంలో తాగుడుకు చితికిన ఒక సంసారం కథ, సీతమ్మ కథ, పాఠంగా ఉంది. చదివినవాళ్లకు అది పాఠంలా అనిపించలేదు, తమ ఇల్లే అచ్చయినట్టు అనిపించింది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఆ పాఠం దగ్గర ఆగిపోలేదు. వందమంది దాకా ఊరి బయటికి నడిచి కల్లు బండిని ఆపారు. కల్లు పారబోయమన్నారు. నీ బతుకు పోతుందనుకుంటే తలా ఒక రూపాయి వేసుకుంటాం, ఆ వంద తీసుకుని బతుకు అని బండివాడితో చెప్పారు.

ఈ ఒక్క రూపాయి దగ్గర నేను ఎన్నోసార్లు ఆగిపోయాను. దెబ్బలు తిన్నవాళ్లు, కడుపు మాడినవాళ్లు, ఆ కల్లు అమ్మేవాడి కడుపు గురించి కూడా లెక్క వేశారు. ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ అంత చక్కటి బడ్జెట్ వేయలేదు.

కల్లు బండి తర్వాత సారాయి అంగడి మూతబడింది. దూబగుంట ఆడవాళ్ల కథే తర్వాతి వాచకంలో పాఠమైంది. వర్ధినేని రోశమ్మ దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా ఎరిగిన పేరైంది. ఒక ఊరి ఆడవాళ్లు చేసినదాన్ని ఇంకో ఊరి ఆడవాళ్లు కూడబలుక్కుని చదివి, పుస్తకం మూసి, లేచి నడిచారు. 1992లో సారాయి వేలం పాటలు జరగనివ్వలేదు. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఊరి పొలిమేరలో కాపలా కాశారు. ప్యాకెట్ల మూటలు గుంజి తగలబెట్టారు. నెల్లూరు నుంచి మంట చిత్తూరుకు, కడపకు, కర్నూలుకు పాకింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నాటి నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట, నాయుడుపేట తిరుపతి జిల్లాలో కలిశాయి. ఆ పోరాటపు నేలలో కొంత ఈనాడు మన తిరుపతి జిల్లా పటంలోనే ఉంది.

ఆ ఉద్యమం గురించి రాసినవాళ్లు చాలామంది సారాయి గురించి రాశారు. నాకు అందులో వినిపించేది ఇంకొకటి. అంతవరకూ తలుపు తగిలిందని చెప్పినవాళ్లు మొదటిసారి కలెక్టరు ముందు, పోలీసుల ముందు, పత్రికలవాళ్ల ముందు నోరు తెరిచి, తాగొచ్చి కొడతా ఉండాడు అన్నారు. గుట్టు వైపున్నది రట్టు వైపుకు జరిగింది. ఒంటరిగా అంటే పరువు పోయే మాట, వందమంది కలిసి అంటే ఉద్యమమైంది.

కానీ ఆ వాక్యంలో రెండు మాటలున్నాయి. తాగడం ఒకటి, కొట్టడం ఒకటి. ప్రభుత్వమూ పార్టీలూ పత్రికలూ మొదటి మాటనే విన్నాయి. ఆడవాళ్లు కూడా ఒకందుకు మొదటి మాటనే గట్టిగా చెప్పారు. మా మొగుళ్లు మంచోళ్లే, సారాయి చెడ్డది అనుకోవడంలో ఒక ఊరట ఉంది. సారాయిని ఊరి నుంచి తరమవచ్చు. మొగుణ్ణి తరిమితే ఎక్కడికి పోవాలి? కొట్టినా తిట్టినా వాడి పేరునే రేషన్ కార్డు, వాడి పేరునే ఇల్లు. అందుకని కొట్టడం అనే రెండో మాటను సారాయి అనే మొదటి మాట కొంగులో ముడివేసి దాచారు. తాగని మొగుళ్లూ కొడతారని వాళ్లకు తెలియక కాదు. ఆ మాట అనడానికి అప్పటికి వీధి సిద్ధంగా లేదు. ఈ విషాదానికి విత్తు అక్కడే పడింది.

ఆ తర్వాత గెలుపులు వరసగా వచ్చాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారాయి నిషేధం. అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. 1994 డిసెంబరు 12న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, జనం ఎదుటే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. పదేళ్ల కిందట ప్యాకెట్లు పంపిన ఏలుబడి పెద్ద, ఆడవాళ్లు అడిగారని ఆ సంతకం చేశారు. దాన్ని నేను పశ్చాత్తాపంగానే తీసుకుంటాను. ఓట్ల లెక్క కూడా అందులో ఉండవచ్చు. దెబ్బలు తగ్గిన ఇంట్లో ఆ తేడా ఎవరికీ అక్కరలేదు.

ఇక ఆ 806 రాత్రులు. వాటి గురించి ఆ తరం ఆడవాళ్లు పెద్దగా చెప్పరు. సుఖానికి కథ ఉండదు. పిల్లలతో కలిసి తిని పడుకోవడం, పాల బిల్లు తెల్లారేదాకా కొంగులోనే ఉండడం, వీధిలో అడుగుల చప్పుడు వినిపించినా చేతిలో గరిటె ఆగకపోవడం, అంతే. మనుషులు వీటిని సంతోషాలని కూడా గుర్తించరు. పోయినాకే వాటికి పేరు దొరుకుతుంది.

అన్ని రాత్రులూ అట్లా లేవు. మా జిల్లాకు రెండు వైపులా రాష్ట్రాల సరిహద్దులు. పలమనేరు దాటితే నంగిలి, ముళబాగిలు. నగరి దాటితే తిరుత్తణి. చిత్తూరు కిందికి దిగితే గుడియాత్తం, వేలూరు. కర్ణాటకలో సారాయి ప్యాకెట్లు 2007 దాకా దొరుకుతూనే ఉన్నాయి. కాబట్టి పొద్దున కూలికని బస్సెక్కినవాడు పొద్దుగూకి తిరిగి వచ్చేసరికి కూలితో పాటు బస్సు ఛార్జీ కూడా తాగి వచ్చేవాడు. ఇటు అడవి వాలుల్లో నాటుసారా బట్టీలు లేచాయి. కాపలా కాయాల్సినవాళ్లలో కొందరు వాటా పుచ్చుకున్నారు. చట్టం చిల్లులు పడిన కుండ. అయినా కొన్ని నీళ్లు నిలిచాయి. గొంతెండినవాళ్లకు ఆ కొన్ని నీళ్లే చాలు.

పతనం ఎట్లా వచ్చిందో రాజకీయ చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. 1995 ఆగస్టులో తెలుగుదేశం చీలింది. సెప్టెంబరు 1న నారా చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన చంద్రగిరి మండలం నారావారిపల్లె బిడ్డ, మా జిల్లా మనిషి. 1996 జనవరి 18న రామారావు కన్నుమూశారు. మద్యనిషేధానికి అప్పటికి ఏడాదీ రెండు రోజులు. ఆ తర్వాత రాష్ట్రం అప్పుల మీద శ్వేతపత్రాలు వచ్చాయి. రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. మద్యం రాబడి లేకపోతే ఖజానా నడవదన్న మాట, దొంగసారా ఆగడం లేదన్న మాట, రెండూ కలిసి మెల్లమెల్లగా నిషేధం పాడె మోశాయి. మహిళా సంఘాలు వద్దన్నాయి. 1997 ఏప్రిల్ 1, మంగళవారం, నిషేధం ఎత్తేశారు. సారాయి మీద మాత్రం నిషేధం మిగిలింది. దాని చోట చవక బ్రాందీ వచ్చింది. తాగేవాడికి సీసా మీద పేరు మారింది. ఆమెకు అదీ మారలేదు.

ఖజానాకు నష్టం లేదని నేను అనడం లేదు. ఉంది. నా దుఃఖమంతా ఆ నష్టం రాసిన పుస్తకంలో రెండో పేజీ లేకపోవడం. మొదటి పేజీలో మద్యం వల్ల వచ్చే రాబడి ఉంది. మణికట్టు విరిగి ఆరు వారాలు కూలికి పోలేని ఆమె పోగొట్టుకున్న దినాలు ఏ పేజీలో ఉన్నాయి? పల్లె నుంచి తిరుపతి రుయా ఆస్పత్రికి వచ్చి పోయిన బస్సు ఛార్జీలు, సేటు అంగట్లో కుదవపెట్టి మళ్లీ విడిపించుకోలేని కమ్మలు, పంచాయితీకి పుట్టింటివాళ్లు చేసిన అప్పు, తల్లి మంచాన పడితే తమ్ముళ్లను చూసుకోవడానికి బడి మానేసిన ఏడో తరగతి పిల్ల, ఆ పిల్లను ఇంట్లో ఉంచడానికి భయపడి తొందరగా చేసిన పెండ్లి, ఆ పెండ్లిలో మళ్లీ మొదలైన అడుగుల చప్పుడు. ఇవన్నీ ఖర్చులే. రాష్ట్రం బదులు ఆమె కట్టింది గనుక పద్దులో కనిపించలేదు. తరతరానికీ దిగుతున్న అప్పు ఇది, దస్తావేజు లేని అప్పు.

1992లో వీధిలోకి వచ్చినవాళ్లు 1997లో ఎందుకు అంతగా రాలేదని అడుగుతారు. అలిసిపోయారనవచ్చు. నాకు తోచేది వేరు. వాళ్లు కొట్టడం అనే మాటను సారాయి అనే మాటలో ముడివేసి ఇచ్చారని అన్నాను కదా. సారాయి గెలుపు వాళ్ల చేతికి వచ్చి, మళ్లీ జారిపోయినప్పుడు, ముడిలోని రెండో మాట కూడా దాంతోనే పోయింది. తమ దెబ్బల గురించి వీధిలో మాట్లాడటానికి వాళ్లకు తెలిసిన ఒకే ఒక భాషను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. చీపురు పట్టుకొని పోవడానికి సారాయి అంగడి లేదు. బ్రాందీ షాపుకు లైసెన్సు ఉంది, పల్లెలో బెల్టు షాపు నడిపేది సొంత మేనమామే కావచ్చు. మాట మళ్లీ గడప లోపలికి పోయింది. తలుపు మళ్లీ తగలడం మొదలైంది.

ఉద్యమం విడిచిన మంచి ఒకటి బతికింది. నెల్లూరు ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు కట్టారు. ఆ రూపాయి కల్లు బండివాడికి ఇస్తామన్న రూపాయికి చెల్లెలే. తర్వాత డ్వాక్రా సంఘాలు రాష్ట్రమంతా లేచాయి. 2000లో వెలుగు పథకం మొదలుపెట్టిన ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. మా పల్లెల్లో ఆడవాళ్లు బ్యాంకు గడప తొక్కింది, సంతకం పెట్టింది, తమ పేరున ఒక పుస్తకం చూసుకుంది అప్పుడే. వాటి వల్ల చాలా ఇళ్లలో మొగుడి గొంతు కొంచెం తగ్గిన మాట నిజం. అప్పు ఆమె పేరున వచ్చి డబ్బు అతని చేతికి పోయిన ఇళ్లూ ఉన్నాయి. అక్కడ వారం వారం కంతు కట్టడానికి ఆమె కూలికి పోయింది. కంతు తప్పితే సంఘంలో తలవంపు, ఇంట్లో దెబ్బ. 2010 నాటికి ప్రైవేటు సూక్ష్మరుణ కంపెనీల వసూళ్లు ఆత్మహత్యల దాకా పోయి, రాష్ట్రం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

దెబ్బకు చట్టంలో పేరు కూడా వచ్చింది, కొంత ఆలస్యంగా. మొగుడి క్రూరత్వాన్ని నేరమన్న 498ఎ సెక్షను 1983లోనే వచ్చింది. కానీ ఠాణా మెట్లెక్కితే కేసు, కేసైతే మొగుడు జైలు, మొగుడు జైలుకు పోతే అత్తింటి తలుపు మూత. అందుకే ఎక్కలేదు. గృహహింస చట్టం 2005లో వచ్చి 2006 అక్టోబరు 26 నుంచి అమలైంది. జైలు సంగతి తర్వాత, ముందు ఆమె ఆ ఇంట్లోనే ఉండొచ్చు, వెళ్లగొట్టడానికి వీల్లేదు అంది ఆ చట్టం. కొట్టడమే కాదు, డబ్బు గుంజుకోవడమూ, ఖర్చుకు ఇవ్వకపోవడమూ హింసేనంది. దూబగుంటవాళ్లు, చిత్తూరువాళ్లు ముడిలో దాచిన రెండో మాట అదే. వాళ్ల రాత్రులు పోయిన తొమ్మిదేళ్లకు దొరికింది. ఆ నిషేధమూ ఈ చట్టమూ ఒకే కాలంలో ఉండి ఉంటే అన్న ఊహ నన్ను వదలదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో పెండ్లయిన ఆడవాళ్లను అడిగితే, నూటికి ముప్పై మంది మొగుడి చేతిలో హింస అనుభవించామన్నారు. అంతకు ముందటి సర్వేలో నూటికి నలభైమూడు. తగ్గింది, సంతోషమే. అదే సర్వేలో ఇంకో ప్రశ్న ఉంది. చెప్పకుండా బయటికి పోతే, ఎదురు మాట్లాడితే, వంట సరిగా చేయకపోతే, అత్తమామల్ని మర్యాదగా చూడకపోతే, ఇట్లా ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా మొగుడు కొట్టడం సబబేనా అని అడిగారు. మన రాష్ట్రంలో నూటికి ఎనభై మందికి పైగా ఆడవాళ్లు అవునన్నారు. దేశంలోనే మొదటి వరసలో ఉన్న సంఖ్య అది. వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. పోవడానికి చోటు లేనివాళ్లు ఉన్నచోటును న్యాయమనుకుంటేనే బతకగలరు.

పోవడానికి చోటు ఉంటే ఏమవుతుందో కేరళలోని తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ చూశారు. 2005లో అచ్చయిన ఆ అధ్యయనంలో, పేరున ఇల్లు గాని భూమి గాని లేని ఆడవాళ్లలో 49 శాతం మంది మొగుడి చేత దెబ్బలు తిన్నవాళ్లు. రెండూ ఉన్నవాళ్లలో 7 శాతం. మన రాష్ట్రం కూతురికి ఆస్తి వాటా 1986లోనే రాసి ఇచ్చింది. ఆ వాటాను మా పల్లెల్లో ఎంతమంది అన్నదమ్ములు గట్టు మీద నిలబెట్టి ఇదిగో నీది అని చూపించారు? పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఆవుతో సరిపెట్టి, సంతకం పెట్టించుకున్న ఇళ్లే ఎక్కువ.

మద్యం కథ అక్కడే తిరుగుతోంది. 2019లో మళ్లీ దశలవారీ నిషేధం అన్నారు, షాపుల్ని ప్రభుత్వమే నడిపింది, ధరలు పెంచింది. ధర పెరిగితే తాగుడు తగ్గుతుందన్న లెక్కకు అవతల ఆమె కొంగు మరికొంచెం గట్టిగా గుంజబడింది. సరిహద్దుల నుంచి సీసాలు మళ్లీ దిగాయి. 2024 అక్టోబరులో 3,396 షాపులు లాటరీ తీసి ప్రైవేటువాళ్లకు ఇచ్చారు. మద్యం తక్కువ ధరకు దొరికేట్టు చేస్తామన్న మాట ఎన్నికల వాగ్దానంగా వినిపించింది. ఒకప్పుడు నిషేధం ఎన్నికల వాగ్దానం. ఆ ఓటు అడిగింది ఆడవాళ్లను. ఈ ఓటు అడిగింది ఎవరినో చెప్పనక్కరలేదు.

కొంగు ముడి ఇప్పుడు చాలా ఇళ్లలో లేదు. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు బస్సుల్లో పోయే ఆడపిల్లల జీతం ఫోన్లో పడుతుంది. మొగుడు అడిగేది పిన్ నంబరు.

2025 జూన్‌లో కుప్పం మండలంలోని ఒక పల్లెలో ఒకామెను చెట్టుకు కట్టేశారు. మొగుడు చేసిన 80 వేల రూపాయల అప్పు తీరలేదని. అతను ఊరు విడిచి పోయి ఉన్నాడు. ఆమె కూలి చేసి పిల్లల్ని సాకుతోంది. అప్పిచ్చినవాళ్లు ఆమెను పట్టుకున్నారు. పక్కన పిల్లవాడు ఏడుస్తున్నాడు. ఆ దృశ్యాన్ని ఫోన్లలో దేశమంతా చూసింది. పోలీసులు వచ్చారు, అరెస్టులు జరిగాయి, నాయకులు ఖండించారు. నేను ఆ తాడును చూశాను. మొగుడు తీసుకున్నదానికి పెండ్లాం జామీను అన్న లెక్కను చెట్టుకు కట్టి చూపించారు. గడప లోపల రోజూ నడిచే లెక్కే అది. ఆ రోజు పట్టపగలు వీధిలో నడిచింది.

ఆమె చుట్టూ నిలబడి చూసినవాళ్లలో ఆడవాళ్లూ ఉండే ఉంటారు. ముప్పై ఏళ్ల కిందట ఇదే సీమలో వందమంది ఆడవాళ్లు కలిస్తే సారాయి జీపు వెనక్కి తిరిగేది.

మే నెలలో తాతయ్యగుంటలో జాతర చివరి రాత్రి గుడి ముందు గంగమ్మకు మట్టితో విశ్వరూపం కడతారు. తెల్లవారుజామున ఆ మట్టి ముఖం చెంప నరుకుతారు. జాతర అక్కడితో ముగుస్తుంది. రాలిన మట్టి కోసం జనం ఒకరిమీద ఒకరు పడతారు. రోగాలకు మందని, ఇంటికి రక్ష అని నమ్మకం. ఆ తొక్కిసలాటలో పిడికెడు దక్కించుకున్న ఆడవాళ్లు గోడ వారకు వచ్చి, ఊపిరి పీల్చుకొని, దేవత చెంప నుంచి రాలిన ఆ తడిమట్టిని కొంగున ముడివేసుకుంటారు. ముడిని నడుములో లోపలికి దోపుకొని, తెల్లారకముందే ఇంటి దారి పడతారు.